ఆ కారు అద్దం నా చేతినే ఎందుకు పట్టింది

దయ్యాల ముచ్చట్లు మొదలైతే నేను లేచి పోయే రకం. మా ఊళ్లో పొద్దుగూకాక వాగు దాటని మగవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. నేను బీడీ కాల్చుకుంటూ ఒంటరిగా దాటేవాణ్ణి. ఇప్పటికీ దయ్యం ఉందని నేను అనను. కానీ నా కుడి చేతికి రెండు వేళ్లు లేవు. అవి ఎట్లా పోయాయో ఎవరైనా అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పడం తప్ప నాకు వేరే దారి లేదు.

ఈ సంగతి బోధన్ చుట్టుపక్కల నూటొక్క రకాలుగా చెప్పుకున్నారు. అందులో ముప్పాతిక అబద్ధం. ఆ అబద్ధాల మీద కోపంతోనే ఇది రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని చాలా ఏళ్లు ఆగాను. తగ్గలేదు.

అరవైల మొదట్లో నేను బోధన్ దగ్గర ఒక పటేలు దగ్గర డ్రైవరుగా ఉన్నాను. ఆయన పేరు రాయను. ఆయన మనుమలు ఉన్నారు, వాళ్లు నాకేమీ చెయ్యలేదు. పటేలుకు చెరుకు తోటలు, ఒక ఖండసారి చక్కెర మిల్లు ఉండేవి. చిన్న రైతులు చాలామంది చెరుకు బండ్లు కట్టుకొని ఈ మిల్లుకే వచ్చేవాళ్లు. కోసిన చెరుకు ఎండలో నిలబడితే రసం తగ్గిపోతుంది. ఎవరి బండి ముందు లోపలికి పోవాలన్నది పటేలు నోటిమాట మీద ఉండేది. ఆ ఒక్క మాట కోసం జనం మిల్లు గేటు దగ్గర ఆయన కారు కోసం కాచుకునేవాళ్లు.

ఆ కారు హైదరాబాదులో ఎవరో నవాబు వారసులు అమ్ముకుంటే కొన్నది. పొడుగాటి అమెరికా కారు. స్టీరింగు ఎడమ పక్క. పైన గుడ్డ టాపు, కావాలంటే వెనక్కి మడిచెయ్యొచ్చు. అన్నిటికంటే వింత దాని కిటికీలు. హ్యాండిలు తిప్పే పనిలేదు. స్విచ్చి నొక్కితే అద్దం తనంతట తానే లేచేది, దిగేది. ప్రతి తలుపుకూ ఒక స్విచ్చి ఉండేది. నా తలుపు మీద మాత్రం నాలుగు కిటికీలకూ నాలుగు స్విచ్చులు.

అది ఎట్లా పనిచేసేదో కొంచెం ఓపికగా వినండి. అది తెలియకపోతే నా గోడు మీకు అర్థం కాదు.

ముందు బానెట్ కింద ఒక మోటారు, దాని పక్కన నూనె డబ్బా. స్విచ్చి పైకి నొక్కితే బ్యాటరీ కరెంటుతో మోటారు తిరిగేది. అది నూనెను సన్నటి పైపుల్లోంచి తలుపులో ఉన్న సిలిండరులోకి తోసేది. ఆ నూనె బలమే అద్దాన్ని లేపేది. దించడానికి మోటారు అక్కర్లేదు. నూనె వెనక్కి పోయే దారి తెరుచుకుంటే చాలు, తలుపులోని స్ప్రింగులు అద్దాన్ని కిందికి గుంజేవి. కాబట్టి ఎక్కడో నూనె కారిందంటే అద్దం తనంతట తాను దిగిపోతుంది. అందులో మాయా లేదు, మంత్రమూ లేదు. నూనె లేకుండా, కరెంటు లేకుండా లేవడం మాత్రం జరగని పని.

ఆ కిటికీల సేవంతా నాదే. చెరుకు కాలంలో పొగగొట్టం బూడిద, పిప్పి దుమ్ము అద్దం జారే గాడిలోకి చేరి పాకంలా అంటుకునేది. పొద్దున్నే తడిబట్టతో తుడిచి, ఆరినాక మెత్తటి పౌడరు చల్లేవాణ్ణి. టాపు అంచున ఉన్న రబ్బరుకు కూడా పౌడరే. నూనె చూడాలంటే ముందు అద్దాలన్నీ దించాలి, లేకపోతే డబ్బాలో ఎంత ఉందో సరిగా తెలియదు. ఆ నూనె చుక్క పడితే కారు రంగు పొక్కిపోయేది. ఒకసారి పటేలు ఇంటివాళ్లను కందకుర్తి గోదావరి సంగమానికి తీసుకుపోయి వచ్చాక, గాడుల్లోంచి ఇసుక తియ్యడానికే ఒక పూట పట్టింది. ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది, అబద్ధమెందుకు.

నాకు గిట్టనిది ఆ స్విచ్చితో పటేలు ఆడే ఆట. గేటు దగ్గర కారు ఆపమనేవాడు. వెనక సీట్లో కుడిపక్క కూర్చొని అద్దం సగం దించేవాడు. ఎవరో ఒక రైతు తలరుమాలు తీసి చంకలో పెట్టుకొని, వంగి, తన బాధ చెప్పుకోవడం మొదలుపెట్టేవాడు. మాట మధ్యలో పటేలు స్విచ్చి నొక్కేవాడు. అద్దం మెల్లగా లేచేది. ఆ మనిషి తొందర తొందరగా, గట్టిగా చెప్పేవాడు. అద్దం మూసుకున్నాక పెదాలు కదలడం మాత్రమే కనబడేది. పటేలు నవ్వి, "పోనియ్యిరా సాయిలూ" అనేవాడు. వెనక నుంచి ఆ నవ్వు వింటుంటే నా ఒళ్లు మండేది.

నర్సవ్వ మంజీర ఒడ్డు పల్లె మనిషి. మొగుడు లేడు. రెండెకరాల చెరుకు తానే పండించుకునేది. ఆమె బండి గేటు బయట నిలబడి చెరుకు ఎండిపోతుండగా, తర్వాత వచ్చినవాళ్ల బండ్లు లోపలికి పోయాయి. ఆమె బతిమాలడానికి రాలేదు, అడగడానికి వచ్చింది. దుమ్ముకు ఆ రోజు టాపు వేసి ఉంది. అద్దం సగం దిగగానే ఆమె దాని అంచును కుడిచేత్తో గట్టిగా పట్టుకుంది.

"నా ఎనక వచ్చిన బండ్లు లోపలికి వొయినయ్ పటేలా. నాది చెరుకు గాదా? గడ్డా?"

నా రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. మోటారు గుర్రుమంది. నేను వెనక్కి తిరిగేలోపే ఆమె కేక పెట్టింది. అద్దానికీ టాపు అంచు ఇనుముకీ మధ్య ఆమె వేళ్లు నలుగుతున్నాయి. పటేలు బొటనవేలు ఇంకా స్విచ్చి మీదే ఉంది. కేక విన్నాక కూడా తియ్యలేదు. నేను నా తలుపు మీది స్విచ్చి కిందికి నొక్కుతూ, "చెయ్యి దియ్యి పటేలా!" అని అరిచాను. అప్పుడు తీశాడు. అద్దం దిగింది. అక్కడున్న జనం ఉరికి వచ్చేసరికి స్విచ్చి మీద కనబడింది నా చెయ్యి.

ఆ దించడమే నా మెడకు చుట్టుకుంది.

నర్సవ్వకు నిజామాబాద్ ఆస్పత్రిలో నడిమి వేలు, ఉంగరపు వేలు తీసేశారు. పటేలు మిల్లులో అందరికీ, "డ్రైవరు సూసుకోలే, వాని చెయ్యే స్విచ్చి మీద ఉండె" అని చెప్పాడు. నేను ఆయన ముందుకే పోయి, నొక్కింది మీరే కదా అన్నాను.

"నౌకరి జేస్తవా, సాక్ష్యం జెప్తవా? రెండిట్ల ఒకటి సెప్పు" అన్నాడు.

రెండూ చేస్తాను అన్నాను. అడిగినవాడికల్లా నిజమే చెప్పాను. సగం మంది నమ్మారు, సగం మంది నమ్మలేదు. ఆ కిటికీల మరమ్మతు తెలిసిన డ్రైవరు ఇంకొకడు దొరకడు గనుక పటేలు నన్ను తీసెయ్యలేదు.

కొన్నాళ్లకు ఆ వెనక కుడి అద్దమే నిలబడకుండా దిగిపోవడం మొదలైంది. మూసి పెడితే కాసేపట్లో సగానికి వచ్చేది. మిల్లు హమాలీలు అప్పుడే గుసగుసలు పెట్టారు. నేను తిట్టాను. తలుపు కింద నూనె మరక నా కళ్లకు కనబడుతోంది, ఇంక దయ్యమెందుకు? కారును నిజామాబాద్‌లో కరీం భాయ్ షెడ్డుకు తీసుకుపోయాను. ఆయన పాతకాలం నుంచి నవాబుల కార్లు బాగుచేసిన మనిషి. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది.

అక్కడ ఏం చేశామో వరసగా చెబుతాను. బ్యాటరీ విప్పి, షెడ్డు మూల బల్ల మీద పెట్టాం. నూనె మొత్తం తీసి డబ్బాలో పోశాం. మోటారు ఊడదీసి కరీం భాయ్ ముందు పెట్టుకున్నాడు. కుడి వెనక తలుపు లోపలి అట్ట తీసి, సిలిండరుకు పోయే పైపు విప్పి నేల మీద పడేశాం. అద్దం పూర్తిగా కిందికి దిగి ఉంది. అది పట్టపగలు. బయట ఎండ దంచుతోంది, షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

కరీం భాయ్ కింద కూర్చొని మోటారును పెట్రోలుతో కడుగుతున్నాడు. నేను కారు బయట, ఆ తలుపు పక్కన నిలబడ్డాను. టాపు అంచున రబ్బరు పాతబడిందని, కుడిచేతి వేళ్లతో దాన్ని పట్టుకొని గుంజుతున్నాను.

అద్దం లేచింది.

చప్పుడు లేదు. మోటారు లేదు కదా, చప్పుడెక్కడిది! తొందర లేకుండా, ఎప్పుడూ లేచినట్టే లేచింది. నేను చూశాను. చెయ్యి ఎందుకు తియ్యలేదని అందరూ అడుగుతారు. చూస్తున్నదాన్ని నమ్మడానికి పట్టినంత సేపట్లో అది నా వేళ్లను చేరింది. చేరి ఆగలేదు.

నా అరుపుకు కరీం భాయ్ ఉరికి వచ్చాడు. "అరె, స్విచ్చి ఎవడు నొక్కిండు?" అని తిట్టబోయి, బల్ల మీది బ్యాటరీ వైపు చూసి మాట మింగేశాడు. రెండు చేతులా అద్దాన్ని కిందికి గుంజాడు. తన బరువంతా వేశాడు. కదల్లేదు. చివరికి ముందు అద్దం దగ్గర టాపుకు ఉండే కొక్కేలు విప్పి, టాపును భుజంతో పైకెత్తితే నా చెయ్యి బయటపడింది.

ఆస్పత్రిలో కట్టు కట్టే కంపౌండరు నా చెయ్యి చూసి, "మొన్ననే ఒకామెకు గివే ఏళ్లు దీసినం. గదే చెయ్యి. మీరిద్దరు చుట్టాలా?" అన్నాడు. నాకు భయం పుట్టింది అప్పుడే. అంతవరకూ నొప్పి ఒక్కటే ఉంది.

కరీం భాయ్ మర్నాడు చూడవచ్చాడు. నన్ను ఆస్పత్రికి తేకముందు ఒక చూపు చూశాడట. సిలిండరు ఎండిపోయి ఉంది. స్ప్రింగులు సాగి, అద్దాన్ని కిందికి గుంజుతూనే ఉన్నాయి. దాన్ని పైన పట్టి ఉంచింది ఏదీ లేదు. అయినా నిలబడింది. షెడ్డుకు తాళం వేసి, తిరిగి వచ్చి తీసేసరికి దిగి ఉంది.

"మోటార్ల పని జేసుకుంట ముసలోన్నయిన సాయిలూ. గా తలుపుల నాకు తెల్వని సామాను ఏం లేదు. పటేలుకు చెప్పు, నేను అన్ని బిగించి పంపిస్త. గా బండి మళ్ల నా షెడ్డుకు రావద్దు" అన్నాడు.

ఇంతవరకూ వింటే ఇది దయ్యం ముచ్చటే. దీని తర్వాత జరిగింది మనుషుల పని.

నేను ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికే పటేలు తీర్పు ఊళ్లన్నీ తిరిగింది. "సూసిండ్రా? ఎవని చెయ్యి నొక్కిందో వాని చెయ్యే పోయింది. దేవుడే సాక్ష్యం జెప్పిండు" అన్నాడట. నిన్నటిదాకా నన్ను నమ్మిన సగం మంది కూడా ఆ మాటతో ఆయన వైపు పోయారు. మరి అదే చెయ్యి, అవే వేళ్లు! ఇంకేం రుజువు కావాలి? ఒక మనిషి అబద్ధం చెబితే ఎదిరించి నిలబడొచ్చు. ఆ అబద్ధానికి దేవుడో దయ్యమో సంతకం పెట్టి పోతే ఎవరికి చెప్పుకోవాలి? బావి దగ్గర ఆడవాళ్లు నా చేతి కట్టు చూసి తల తిప్పుకునేవాళ్లు. ఎరిగినవాడొకడు, "పోనీలే సాయిలూ, పాపం పోయింది" అని ఓదార్చాడు. వాణ్ణి కొట్టకుండా వచ్చినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

అన్నిటికంటే నన్ను కాల్చింది మా అవ్వ. నన్ను కన్నతల్లి. ఎడమచేత్తో అన్నం తింటుంటే పక్కన కూర్చొని, నెమ్మదిగా అడిగింది.

"నిజం జెప్పు బిడ్డా. నాతోని జెప్పు. నువ్వే నొక్కినవా?"

పళ్లెం తోసేసి లేచాను. నన్ను కందకుర్తికి తీసుకుపోయి సంగమంలో ముంచితే దోషం పోతుందని ఆమె ఆశ. "చెయ్యని పాపానికి గంగల మునుగుడేందే అవ్వా?" అని అరిచాను. మా అవ్వ మీద నేను గొంతెత్తడం అదే మొదలు. ఆ అరుపు కూడా పటేలు లెక్కలోనే వేస్తాను.

కొన్నాళ్లకు నర్సవ్వ మా ఇంటికి వచ్చింది. వాకిట్లో నిలబడి నా చెయ్యి చాపమంది. తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె ముఖం కోపంతో నల్లబడింది.

"నువ్వు గాదని నాకెరుక. నా కండ్లతోని సూసిన, బొటనేలు పటేలుది. ఆస్పత్రిల పండుకొని తిట్టిన నేను. ఉత్తగ గాదు, పటేలును పేరు వెట్టి తిట్టిన. వాని చెయ్యి వడిపోవాలె అన్న. మరి నీ మీదికెట్ల వచ్చింది సాయిలూ? నా పేరు మీద గీ పని జేసినోడు ఎవడు?"

లోపలి నుంచి మా అవ్వ ఈ మాటలన్నీ వింది. చెంబుతో నీళ్లు తెచ్చి నర్సవ్వకు ఇచ్చి, నా పక్కకు వచ్చి నిలబడింది.

నర్సవ్వ నన్ను అప్పటికప్పుడే మిల్లుకు నడిపించింది. మధ్యాహ్నం వేళ. గేటు బయట చెరుకు బండ్లు బారుగా ఉన్నాయి. పటేలు కారు గేటు పక్కనే ఉంది, టాపు వేసి, అద్దాలు దించి. ఆయన బయట నిలబడి నా బదులు పెట్టుకున్న కొత్త డ్రైవరుకు ఏదో చెబుతున్నాడు. నర్సవ్వ నేరుగా పోయి ఆ వెనక తలుపు దగ్గర నిలబడింది.

"పటేలా, దేవుడే సాక్ష్యం జెప్పిండంటున్నవట. మంచిది. గా దేవుడు నీ కార్లనే ఉన్నడు గదా, మళ్ల అడుగుదం. నేనైతే చెయ్యి వెడుతున్న" అని, మిగిలిన వేళ్లతో టాపు అంచు పట్టుకుంది. నేనూ కట్టు ఉన్న చేతిని ఆమె చెయ్యి పక్కన ఆనించాను. అద్దం కదల్లేదు.

"ఇగ నువ్వు వెట్టు. నువ్వు నొక్కలే గదా. నీకేం భయం?"

బండ్ల మీద ఉన్నవాళ్లు దిగి వచ్చారు. పటేలు నవ్వాడు. "పిచ్చి ముండ, దీన్ని అవతలికి గుంజుండ్రి" అన్నాడు. ఎవరూ గుంజలేదు. ఆయన కారు వైపు ఒక అడుగు వేసి ఆగాడు. కొత్త డ్రైవరును తలుపు తియ్యమన్నాడు. వాడు తీశాడు. పటేలు ఆ తెరిచిన తలుపు వైపు, దిగి ఉన్న అద్దం వైపు చూశాడు. ఎక్కలేదు. రెండు చేతులూ ధోవతి మడతల్లో పెట్టుకొని మిల్లులోకి నడిచి పోయాడు.

తర్వాత ఒక ముసలి రైతు తన ఎడ్లను మళ్లించాడు. ఆయన వెనక ఇంకొన్ని బండ్లు తిరిగాయి. అన్నీ కాదు. చెరుకు ఎండుతుంటే ఎవరైనా ఎంతసేపు కోపం పట్టుకోగలరు? ఆగినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ రోజు నుంచి స్విచ్చి నొక్కింది నేనని ఎవరూ నా ముఖం మీద అనలేదు.

పటేలు మాత్రం ఒప్పుకోలేదు. చచ్చేదాకా ఒప్పుకోలేదు. ఆ కారు కొన్నాళ్లు టార్పాలిన్ కింద ఉండి, తర్వాత నాందేడ్ వైపు ఎవరికో అమ్ముడుపోయింది. అక్కడ దానితో ఎవరికైనా ఏమైనా జరిగిందో లేదో నాకు తెలియదు. పటేలు నిండా బతికి, తన మంచం మీద, పది వేళ్లతో పోయాడు.

నేను మూడు వేళ్ల చేత్తో స్టీరింగు పట్టడం మళ్లీ నేర్చుకొని ట్రాక్టరు నడిపాను. నర్సవ్వ చెరుకు చాలా ఏళ్లు నేనే తోలాను. ఒకసారి దారిలో ఆమెను అడిగాను. అక్కా, అది దేవుడంటావా, దయ్యమంటావా అని.

"ఏదైతే ఏంది సాయిలూ? తప్పెవలిదో అడగకుంట శిచ్చ ఏసిందంటే, అది గూడ గా పటేలసొంటిదే" అంది.

బ్యాటరీ లేకుండా, నూనె లేకుండా ఆ అద్దం ఎట్లా లేచిందని నన్ను ఇప్పటికీ అడుగుతారు. తెలియదని చెబుతాను. కరీం భాయ్ కూడా పోయేముందు తెలియదనే చెప్పాడు. అంత బరువు అద్దాన్ని ఊరికే ఎత్తగలిగినది, రోజూ అదే తలుపుకు ఆనుకొని కూర్చునే మనిషిని వదిలేసి, తుడిచి పౌడరు చల్లిన నా చేతిని ఎందుకు పట్టిందని మాత్రం ఎవరూ అడగరు. నేను రోజూ అడుగుతున్నాను.